‘పోయింది’ అన్న మాట రోగనిర్ధారణ కాదు

మొన్న మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఒక మూల దుమ్ము పట్టిన కంప్యూటరు కనిపించింది. దీనికేమైందని అడిగాను. “పోయింది” అన్నారు. ఏం పోయిందంటే, “బోర్డో ఏదో పోయిందట. బాగుచెయ్యడం దండగ, కొత్తది కొనుక్కోమన్నాడు ఆ అబ్బాయి” అన్నారు. బోర్డే పోయిందని ఎలా తెలిసిందని నేను అడగలేదు. అడిగినా వారి దగ్గర జవాబుండదు. ఈ ఒక్క క్రియాపదంతోనే మనం ఎన్నో కంప్యూటర్లకు కర్మకాండ జరిపించేస్తున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. “పోయింది” అన్నది రోగి బంధువులు చెప్పుకునే మాట. వైద్యుడు చెప్పవలసిన మాట కాదు. ఏ భాగం చెడింది, అదే చెడిందని ఏ పరీక్షలో తేలింది, ఈ రెండూ చెప్పగలిగితేనే అది నిర్ధారణ. చెప్పలేకపోతే అది ఊహ. ఊహను నమ్మి ఒక భాగాన్ని మారిస్తే పోయేది డబ్బే. ఊహను నమ్మి యంత్రాన్నే వదిలించుకుంటే అందులో ఉన్నది కూడా పోతుంది. ఈ సంగతి నాకు ఇంటి అనుభవం.

2009 వర్షాకాలం. మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవారు. అప్పటికి ఐదేళ్ళుగా తమ జ్ఞాపకాలను అను ఫాంటులో, రెండు వేళ్ళతో, ఓపికగా టైపు చేసుకుంటున్నారు. వాటిని యూనికోడులోకి మార్చి నా బ్లాగులో పెడతానని నేను అనడం, “ఇంకా పూర్తి కాలేదు, తొందరేముందిరా” అని ఆయన అనడం మామూలైపోయింది. ఇంకొక ప్రతి తీసి పెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఒక రాత్రి ఉరుములు, మెరుపులు. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మర్నాడు పొద్దున మీట నొక్కితే లోపల ఫ్యాన్లు తిరిగాయి గాని తెర వెలగలేదు.

క్యాబినెట్టును ఆటోలో పెట్టుకుని, వానలో తడుస్తూ ఊళ్ళోని ఒక దుకాణానికి తీసుకువెళ్ళాం. అక్కడి కుర్రవాడు మీట నొక్కి, ఒక నిమిషం తెర వంక చూసి, “బోర్డు పోయిందండీ మాస్టారూ. ఈ మోడలు ఇప్పుడు దొరకదు. పాతది మాకిచ్చేస్తే కొత్తదాంట్లో ఎనిమిది వందలు తగ్గిస్తాం” అన్నాడు. నేను సరే అనబోయాను. హార్డ్ డిస్కు వేరు, బోర్డు వేరు అని నాకు తెలియక కాదు. వానలో మోసుకొచ్చిన విసుగు అలాంటిది. నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నా వైపు తిరిగి, “యంత్రం సంగతి అలా ఉంచరా, మరి నా వ్రాతలో?” అన్నారు. ఆ ప్రశ్న వల్లనే అది తిరిగి మా ఇంటికి వచ్చింది.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. మీట నొక్కగానే విండోస్ మొదలవదు. అంతకు ముందే కంప్యూటరు తన అవయవాలను తానే పరీక్షించుకుంటుంది. దీన్ని ‘పోస్ట్’ అంటారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లోనూ ఈ పరీక్ష ఉంది. పరీక్షలో ఏదైనా తప్పితే, తెర ఇంకా వెలగలేదు కనుక, ఆ సంగతి ధ్వనితో చెబుతుంది. బోర్డుకు తగిలించిన చిన్న స్పీకరు నుంచి ‘బీప్’ మని పొడవుగానో పొట్టిగానో శబ్దాలు వస్తాయి. ఛందస్సు చదువుకున్నవారికి ఇది కొత్తేమీ కాదు. గురువులు, లఘువులు, అంతే. అవార్డ్ బయాస్ ఉన్న బోర్డులో ఒక గురువు, రెండు లఘువులు వినిపిస్తే, అంటే భ గణమైతే, తెరకు బొమ్మను పంపే కార్డు దగ్గర లోపం. ఆమి బయాస్‌లో మూడు లఘువులు వస్తే, అంటే న గణమైతే, మెమరీ మొదటి 64 కిలోబైట్లలో లోపం. ఒక బయాస్ లక్షణగ్రంథం మరొకదానికి పనికిరాదు కాబట్టి ముందు బోర్డు మీద ఎవరి బయాస్ ఉందో చూసుకోవాలి.

మరి మా యంత్రం దుకాణంలో ఎందుకు నోరు మెదపలేదు? ఇంటికి తెచ్చి మూత విప్పితే తెలిసింది. ఆ స్పీకరు తీగ ఊడిపోయి వేలాడుతోంది. తగిలించి మీట నొక్కాను. ఆగకుండా, ఒకదాని వెంట ఒకటి, అన్నీ గురువులే. మా బోర్డు మీదున్నది అవార్డ్ బయాస్. దాని భాషలో అది మెమరీని గురించిన ఫిర్యాదు. ఇంకొక సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఫిర్యాదు చెయ్యగలిగిందంటే ప్రాసెసరు పనిచేస్తోంది, బయాస్ నడుస్తోంది. చచ్చిపోయిందన్న బోర్డే మాట్లాడుతోందన్నమాట.

మా కంప్యూటరులో 512 మెగాబైట్ల ర్యామ్ పలకలు రెండున్నాయి. ప్లగ్గు తీసివేసి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోవడానికి క్యాబినెట్టు ఇనుమును ముట్టుకుని, రెండింటినీ ఊడదీశాను. బంగారు రంగు అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపాను. మొదటి పలకను ఒక్కదాన్నే పెడితే తెర వెలిగింది. దాన్ని తీసి రెండవదాన్ని పెడితే మళ్ళీ అదే ఏడుపు. ఇక్కడే ఆగిపోతే అదీ ఊహే అవుతుంది. ఒకటి ఉంటే మరొకటి ఉండటం అన్వయమని, లేకపోతే లేకపోవడం వ్యతిరేకమని మన తార్కికులు చెబుతారు. రెండూ చూస్తేగాని కారణం తేలదు. లోపం పలకదా, స్లాటుదా? మొదటి పలకను రెండు స్లాట్లలోనూ పెట్టి చూశాను, రెండింటిలోనూ లేచింది. రెండవ పలకను రెండింటిలోనూ పెట్టి చూశాను, రెండింటిలోనూ లేవలేదు. నాలుగు ప్రయోగాలు, పావుగంట సమయం. దోషి తేలిపోయింది. “ఒకదానితో నడుస్తుంటే రెండోది దేనికిరా?” అన్నారు నాన్నగారు. ఆ ఒక్కదానితోనే, కాస్త నెమ్మదిగా, ఆ కంప్యూటరు ఇంకా నాలుగేళ్ళు నడిచింది.

ప్రతి యంత్రానికీ ఇదే రోగమని నా ఉద్దేశం కాదు. పద్ధతి మాత్రం ఒకటే. తేలికగా చూడగలిగినది ముందు, ఖర్చయ్యేది చివర. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అసలు ఫ్యాన్లే తిరగకపోతే ముందు గోడలోని ప్లగ్గు, తీగ, వెనుకనున్న స్విచ్చి చూడాలి. ముందువైపు మీట చెడిందేమోనన్న అనుమానముంటే, దాని తీగ వచ్చి తగిలే రెండు పిన్నులను బోర్డు మీదనే స్క్రూడ్రైవరు మొనతో క్షణకాలం కలిపి చూడవచ్చు. కంప్యూటరు లేచిందంటే తప్పు మీటదే. ఎస్.ఎం.పి.ఎస్. మీద అనుమానముంటే, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే దాని తీగలన్నీ బోర్డు నుంచీ మిగతా భాగాల నుంచీ విడదీసి, 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను ఏదైనా నల్ల తీగతో క్లిప్పుతో కలిపి, ఆ తరువాత ప్లగ్గు పెట్టి చూడాలి. ఫ్యాను తిరిగితే అది మేలుకుందని మాత్రమే అర్థం, ఆరోగ్యంగా ఉందని కాదు. మల్టీమీటరులో 12 వోల్టుల తీగ 11.4కూ 12.6కూ మధ్య, 5 వోల్టుల తీగ 4.75కూ 5.25కూ మధ్య చూపించాలి. ఆ పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

అప్పటికీ తేలకపోతే బోర్డు, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ పలక, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం ఉంచి మిగతావన్నీ విడదీయాలి. అప్పుడు ప్రాణం వస్తే ఒక్కొక్కదాన్నీ తిరిగి తగిలిస్తూ రావాలి. దేన్ని తగిలించినప్పుడు మళ్ళీ పడిపోతుందో అదే మనకు కావలసిన జవాబు. ఇప్పటి బోర్డులు చాలావాటిలో స్పీకరు ఉండదు. దానికి బదులు కొన్నింటి మీద ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది ఆరకుండా నిలిచిపోతే పరీక్ష అక్కడ ఆగిందన్నమాట. బోర్డు నిజంగానే చెడే సందర్భాలూ ఉన్నాయి. 2000ల తొలి సంవత్సరాల్లో తయారైన చాలా బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు నెత్తిన ఉబ్బి, కారిపోయేవి. కానీ అది కంటికి కనిపించే లక్షణం. టంకం పని వచ్చినవాళ్ళు వాటిని మార్చి బ్రతికించిన బోర్డులు ఎన్నో ఉన్నాయి.

ఇంతకీ ఆ కుర్రవాడు మోసగాడా? ఆనాడు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. వైద్యుడు మందు రాయకుండా “ఏమీ లేదు, పోయి పడుకోండి” అన్నా ఫీజిచ్చి వస్తాం. కంప్యూటరు బాగుచేసేవాడు గంటసేపు పరీక్షించి, రబ్బరుతో రుద్ది, లేచిందని చెబితే “రబ్బరుతో రుద్దినందుకు రెండు వందలా?” అంటాం. అదే రెండు వేల వస్తువు మార్చానంటే మారు మాట్లాడకుండా ఇస్తాం. ఆలోచనకు వెల కట్టకుండా వస్తువుకే వెల కట్టినప్పుడు, అతడు ఆలోచించడం మాని వస్తువులమ్మడం నేర్చుకుంటాడు. అతడికి ఆ విద్య నేర్పింది మనమే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక్కొక్క భాగాన్ని మార్చి చూస్తూ, లోపాన్ని వేలు పెట్టి చూపించిన పనివారిని నేను చూశాను. అటువంటివారు లేక కాదు. వారికివ్వవలసింది ఇవ్వడం మనకు అలవాటు లేకపోవడమే లోపం.

ఇంత చెబుతున్న నేనే 2014లో నా సొంత కంప్యూటరు దగ్గర ఈ నియమాన్ని తప్పాను. డిస్కు నుంచి టక్ టక్ మని శబ్దం మొదలైంది. లోపలి సూది సరిగా చదవలేక కొట్టుకుంటున్న శబ్దమది. వినగానే ఆపివేయాలి. నేను మాత్రం ఈసారి లేస్తుందేమో, ఇంకొక్కసారి చూద్దామని రెండు రోజుల పాటు మీట నొక్కుతూనే ఉన్నాను. చివరకు ఆ శబ్దం కూడా ఆగిపోయింది. 2006 నుంచి 2009 వరకు నేను వ్రాసి ప్రచురించని టపాలు, మిత్రుల ఉత్తరాలు అన్నీ పోయాయి. ఇక్కడ “పోయింది” అన్న మాట వాడే అర్హత నాకుంది. ఏం పోయిందో, ఎవరి వల్ల పోయిందో నాకు స్పష్టంగా తెలుసు.

ఈనాడు ఆ ప్రమాదం మరొక రూపంలో ఉంది. ఆనాడు బోర్డు నిజంగా చెడినా డిస్కు తీసి మరొకదానికి తగిలిస్తే నాన్నగారి వ్రాతలు దక్కేవి. ఇప్పుడు కొన్ని ల్యాప్‌టాపుల్లో నిల్వ భాగం బోర్డుకే అతికి ఉంటుంది. విడిగా ఉన్నా, బిట్‌లాకర్ వంటి తాళం వేసి ఉంటే ఆ తాళంచెవి బోర్డు మీది చిప్పులో ఉంటుంది. బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మన దగ్గర లేకపోతే డిస్కు నిక్షేపంగా ఉన్నా చదవలేం. కాబట్టి ఇంకొక ప్రతి, ఆ 48 అంకెలు, రెండూ యంత్రం బాగున్న రోజుల్లోనే తీసి పెట్టుకోవాలి. మరమ్మతు మన హక్కు అంటూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. మంచిదే. కానీ దుకాణంలో నిలబడి అడగవలసిన ప్రశ్నను మన తరఫున ఏ శాఖా వచ్చి అడగదు.

ఆ ప్రశ్నలు మూడే. చెడిన భాగం ఏది? అదేనని ఏ పరీక్షలో తేలింది? మారిస్తే నా డిస్కు నాకిస్తారా? జవాబు చెప్పినవారికి, వస్తువేమీ మార్చకపోయినా సరే, అడిగినంత ఇచ్చి రండి.

నాన్నగారు 2013లో వెళ్ళిపోయారు. చివరి అధ్యాయం పూర్తయిందని చెప్పిన తరువాతనే వెళ్ళారు. మొత్తం నలభై మూడు దస్త్రాలు. అన్నింటినీ యూనికోడులోకి మార్చి, అచ్చుతప్పులు దిద్ది, మూడు చోట్ల దాచాను. వాటిలో పదిహేడు ఆ 2009 వర్షాకాలానికి తరువాత వ్రాసినవి.

మీ ఇంట్లో ఆనాటి కంప్యూటరు ఇంకా అటక మీద ఉంటే దింపండి. మీట నొక్కే ముందు డిస్కు విప్పి, యు.ఎస్.బి. కన్వర్టరుతో ఉన్నదంతా ఇంకొక చోటికి ఎక్కించుకోండి. ఆ తరువాతే నొక్కండి. ఏ గణం వినిపించిందో నాకూ తెలియజేయండి.