పాత ఓమ్నీకి కరెంటు మోటారు!

స్కూలుకైనా, పెళ్లికైనా, ఆసుపత్రికైనా... అప్పట్లో మారుతి వ్యానే. 1984లో వచ్చి, తర్వాత ఓమ్నీగా పేరు మార్చుకుని 2019 దాకా తయారైంది. ఇంట్లో మిగిలిన ఆ బండికి ఇంజిను తీసేసి మోటారు, బ్యాటరీ పెట్టించి రోజూ ఆఫీసుకు వెళ్లిరావచ్చా? వెళ్లొచ్చు. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రియో సంస్థ 2010ల చివర్లోనే పాత ఆల్టో, వ్యాగన్‌ఆర్‌ కార్లను అలా మార్చింది.

లెక్క మాత్రం ముందే చూసుకోవాలి. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు అనుకుంటే, 15 యూనిట్ల బ్యాటరీతో 90 కిలోమీటర్లు. ఆదిలాబాద్‌ నుంచి ఇచ్చోడకు పోయిరావడానికి 60 చాలు... దర్జాగా వెళ్లిరావచ్చు. అదే నిర్మల్‌కైతే ఒకవైపే సుమారు 80. తిరిగొచ్చేటప్పుడు ఘాట్‌ ఎక్కాలి. అక్కడ మళ్లీ చార్జింగ్‌ పెట్టుకుంటేనే ఇల్లు చేరేది!

ఇక కాగితాల సంగతి. ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ మీ మోడల్‌కు ఆమోదించిన కిట్‌ ఉంటేనే ముందుకెళ్లాలి. ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీలో ఇంధనం మార్పించుకోవాలి, బీమా కంపెనీకీ చెప్పాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌ తప్పనిసరి. ఇవేవీ లేకుండా షెడ్డులో మోటారు బిగించుకుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా సొమ్ము చేతికి రాకపోవచ్చు.

అన్నట్టు, బేరం కుదుర్చుకునే ముందు బండి కిందికి వంగి చూడండి. అడుగు రేకు తుప్పు పట్టి ఉంటే బ్యాటరీ బరువు మోయలేదు.