జరిమానా పెరిగె... కాపలా తరిగె!

వీధిలో సిగరెట్ పీక పారేసినందుకు యాభై వేల రూపాయలకు పైబడి జరిమానా కట్టాల్సి రావచ్చునంటే మనకు నమ్మశక్యం కాదు. ఇంగ్లండ్‌లో 2023 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధన అదే. బహిరంగ స్థలంలో చెత్త వేసినవారికి స్థానిక కౌన్సిళ్లు గరిష్ఠంగా 500 పౌండ్ల జరిమానా నోటీసు ఇవ్వవచ్చు. అయినా అక్కడి వీధులు అద్దంలా మెరుస్తున్నాయా అంటే, లేదనే చెప్పాలి. ఎవరూ చూడని చోట బండెడు చెత్త పారబోసి వెళ్లిపోయిన ఘటనలు 2023-24లో ఇంగ్లండ్ కౌన్సిళ్ల లెక్కల ప్రకారమే 11.5 లక్షలు. అంతకుముందు ఏడాది కంటే ఇది ఆరు శాతం అధికం. అందులో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చిన చెత్తే కావడం గమనార్హం.

శిక్ష పెరిగినా తప్పు ఎందుకు తగ్గలేదు? ఈ ప్రశ్నకు సమాధానం చట్టాల పుస్తకంలో లేదు. ఆ చట్టాన్ని చేతపట్టుకుని వీధిలో నడిచే మనిషి కథలో ఉంది. పట్టణ పాలన సంస్థలు పెరుగుతున్న మన రాష్ట్రాలు తెలుసుకోదగిన పాఠం కూడా అక్కడే ఉంది.

అరెస్టు చేయని అధికారి

తాగి గొడవ చేయడం, గోడల మీద పిచ్చి రాతలు, పెంపుడు కుక్కల మలం కాలిబాటపై వదిలేయడం, పాత సోఫాలు సందు మొగలో పడేయడం... విడివిడిగా చూస్తే ఇవి పెద్ద నేరాలు కావు. అయితే నిత్యం వీటి నడుమ బతికే మనిషికి దొంగతనం కంటే ఎక్కువ బాధ కలిగించేవి ఇవే. చిన్న అలక్ష్యాన్ని పట్టించుకోకపోతే అది పెద్ద నేరానికి దారితీస్తుందని విల్సన్, కెల్లింగ్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1982లో ప్రతిపాదించిన ‘పగిలిన కిటికీ’ వాదం బ్రిటిష్ పాలకులనూ ప్రభావితం చేసింది. 1998లో తెచ్చిన చట్టం ద్వారా సంఘ వ్యతిరేక ప్రవర్తనను కోర్టు ఉత్తర్వులతో అదుపు చేసే విధానం మొదలైంది. ఉత్తర్వులు సరే, వాటిని వీధిలో అమలు చేసేదెవరన్న ప్రశ్న ఆ వెంటనే తలెత్తింది.

2002 నాటి పోలీసు సంస్కరణల చట్టం ఇందుకు రెండు దారులు చూపింది. మొదటిది, పోలీసు శాఖలోనే కమ్యూనిటీ సపోర్ట్ అధికారుల నియామకం. వీరికి యూనిఫాం ఉంటుంది గానీ పోలీసులకున్న అరెస్టు అధికారం ఉండదు. చెత్త వేసినవారికి జరిమానా నోటీసు ఇవ్వడం, మైనర్ల చేతిలోని మద్యాన్ని స్వాధీనం చేసుకోవడం, గొడవ చేసినవారి పేరు, చిరునామా అడగడం వంటివి వీరి పనులు. చెప్పేందుకు నిరాకరించిన వ్యక్తిని, తమ పోలీసు ఉన్నతాధికారి ఆ అధికారం అప్పగించిన చోట, కానిస్టేబుల్ వచ్చేదాకా 30 నిమిషాలకు మించకుండా నిలిపి ఉంచవచ్చు.

రెండోది, కౌన్సిల్ ఉద్యోగులకే కొన్ని పరిమిత అధికారాలు అప్పగించడం. స్థానిక పోలీసు అధిపతి గుర్తింపు ఇస్తే కౌన్సిల్ వార్డెను కూడా బ్యాడ్జీ ధరించి చెత్త, కుక్కల మలం వంటి విషయాల్లో నోటీసులు ఇవ్వగలడు. 2005లో వచ్చిన స్వచ్ఛ పరిసరాల చట్టం కౌన్సిళ్ల చేతిని మరింత బలోపేతం చేసింది. సిగరెట్ పీక, నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ సైతం చెత్త కిందకే వస్తాయని స్పష్టం చేసింది ఆ చట్టమే.

ఈ నోటీసు పనిచేసే తీరు కూడా తెలుసుకోదగినదే. సాధారణంగా 14 రోజుల్లో డబ్బు కడితే వ్యవహారం అంతటితో ముగుస్తుంది. కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు, నేరస్థుడన్న ముద్ర పడదు. కట్టకపోతే మాత్రం మేజిస్ట్రేటు కోర్టులో విచారణ ఎదుర్కోవాల్సిందే. చిన్న తప్పుకు చిన్న శిక్ష, అదీ ఆలస్యం లేకుండా అన్నది దీని వెనుక ఉన్న సూత్రం.

మందలింపు విలువ

ఈ అధికారులు ఇచ్చే నోటీసుల కంటే ఇవ్వకుండా ఆపే నోటీసులకే విలువ ఎక్కువ. రోజూ అదే వీధిలో నడిచే మనిషికి ఏ ఇంటి పిల్లవాడు గోడ మీద రంగు చల్లుతున్నాడో, ఏ దుకాణం వెనుక సంచులు పేరుకుంటున్నాయో తెలుస్తుంది. తల్లిదండ్రులతో ఒక మాట చెబితే చాలు, సగం పని జరుగుతుంది. లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో 1999 ప్రాంతంలో మొదలైన ‘సత్ప్రవర్తన ఒప్పందాలు’ ఇలాంటివే. అల్లరి చేసే కుర్రవాడిని, వాడి కన్నవారిని కూర్చోబెట్టి, ఇకపై ఫలానా పనులు చేయనని రాయించుకోవడమే ఆ ఒప్పందం. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో ప్రారంభమైన షీ టీమ్స్ సైతం పట్టుబడిన ఆకతాయిలకు కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇవ్వడం మనకు విదితమే. మనిషిని మార్చేది తెలిసినవారి ముందు తలవంచుకోవాల్సి రావడమేనన్న సత్యం రెండు చోట్లా ఒక్కటే.

కోత పడింది ఎక్కడ?

2010 మార్చి నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు కమ్యూనిటీ సపోర్ట్ అధికారుల సంఖ్య 17 వేలకు చేరువైంది. ఆ తర్వాత ప్రభుత్వ వ్యయంలో కోతలు మొదలయ్యాయి. బ్రిటన్‌లో పోలీసు అధికారిని సాధారణ ఉద్యోగి మాదిరిగా మిగులు సిబ్బంది పేరిట తొలగించడం కుదరదు. సపోర్ట్ అధికారికి ఆ రక్షణ లేదు. దీంతో కత్తెర సహజంగానే అటువైపు సాగింది. నార్ఫోక్ పోలీసు విభాగం 2018లో ఈ పోస్టులను పూర్తిగా రద్దు చేసింది. దేశవ్యాప్తంగా ఇప్పుడు మిగిలింది నాటి సంఖ్యలో సగం కంటే తక్కువే.

ఇదే కాలంలో జరిమానాలు మాత్రం పెరుగుతూ పోయాయి. చెత్త వేసినందుకు గరిష్ఠ మొత్తం 2018లో 80 పౌండ్ల నుంచి 150కి, 2023లో 500కి చేరింది. అక్రమ పారబోతకు 400 పౌండ్లుగా ఉన్నది వెయ్యికి పెరిగింది. అంటే వీధి తెలిసిన మనిషిని తగ్గించి, కాగితం మీది అంకెను పెంచారు. ఫలితం లెక్కల్లోనే కనిపిస్తోంది. 2023-24లో 11.5 లక్షల ఘటనలకు గాను అన్ని రకాలవీ కలిపి జారీ అయిన జరిమానా నోటీసులు సుమారు 63 వేలు మాత్రమే. పట్టుబడే అవకాశం అంత స్వల్పమైనప్పుడు శిక్ష ఎంత పెద్దదైనా భయం కలగదు.

కమీషన్ల చిక్కు

సిబ్బంది తగ్గిన చోట కొన్ని కౌన్సిళ్లు ఈ బాధ్యతను ప్రైవేటు సంస్థలకు అప్పగించాయి. విధించిన జరిమానాలో వాటా తీసుకునే ఒప్పందాలు అసలు చిక్కు తెచ్చిపెట్టాయి. నోటీసుల సంఖ్యే ఆదాయమైనప్పుడు అర్ధరాత్రి లారీలో చెత్త తెచ్చి పారబోసే ముఠా కోసం ఎవరు కాపు కాస్తారు? పట్టపగలు బజారులో సిగరెట్ పీక జారవిడిచిన వృద్ధుడే సులువుగా దొరుకుతాడు. పారబోసినవాడు తప్పించుకుంటే, పొరపడినవాడు దొరికాడన్న విమర్శ అక్కడి పత్రికల్లో తరచూ వినిపించింది.

2014లో వచ్చిన మరో చట్టం ఫలానా బహిరంగ స్థలంలో ఫలానా పనులు చేయరాదని ఉత్తర్వులు ఇచ్చే వీలును కౌన్సిళ్లకు కల్పించింది. ఇదీ వివాదాలకు దారితీసింది. నిలువ నీడ లేక కాలిబాటపై పడుకునేవారి మీద ఈ ఉత్తర్వులను ప్రయోగిస్తున్నారన్న ఆక్షేపణలు రావడంతో, కేవలం వీధిలో నిద్రించడాన్ని తప్పుగా పరిగణించరాదని 2017 డిసెంబరులో హోంశాఖ మార్గదర్శకాలు సవరించాల్సి వచ్చింది. జరిమానాలను ఆదాయ మార్గంగా చూడరాదని కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్లకు చెబుతూ వచ్చింది. చివరకు 2024 ఏప్రిల్ నుంచి, చెత్త జరిమానాల సొమ్మును శుభ్రత, చట్టం అమలు పనులకే ఖర్చు చేయాలన్న నిబంధన విధించింది. ఆలస్యమైనా ఇది సరైన నిర్ణయం అనడంలో సందేహం లేదు.

తప్పు గుర్తించిన లండన్ పాలకులు ప్రస్తుతం వెనక్కి అడుగు వేస్తున్నారు. 2029 నాటికి 13 వేల మంది అదనపు సిబ్బందిని వీధి గస్తీకి తెస్తామని, ప్రతి ప్రాంతానికీ పేరు తెలిసిన ఒక అధికారి ఉంటారని ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇరవయ్యేళ్ల క్రితం ఉన్నదాన్ని కాదనుకుని, మళ్లీ దాని కోసమే వెతుక్కోవడం అంటే ఇదే.

మన వారికీ సంబంధమే

ఇది పరాయి దేశపు గోల అని కొట్టిపారేయలేం. దక్షిణాసియా ప్రజలు అధికంగా ఉండే లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ కిళ్లీ ఉమ్మి మరకలను కడిగేందుకే ఏటా 30 వేల పౌండ్లకు పైగా వెచ్చిస్తున్నట్లు 2025లో వెల్లడించింది. ఉమ్మితే 100 పౌండ్ల దాకా జరిమానా తప్పదని బోర్డులు పెట్టింది. లెస్టర్‌లో 2019లోనే ఇంగ్లిష్‌తో పాటు గుజరాతీలోనూ ఇటువంటి హెచ్చరిక బోర్డు వెలిసింది. చదువుల కోసం బ్రిటన్ వెళ్లే మన జిల్లాల విద్యార్థులు ఈ సంగతి తెలుసుకుని విమానం ఎక్కడం మంచిది.

అంతకంటే ముఖ్యమైనది మన ఊళ్ల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాల సంఖ్య 15 వేలు. వార్డు స్థాయిలో పారిశుద్ధ్యం, పర్యావరణానికి ఒక కార్యదర్శిని, మహిళా సంరక్షణకు మరొకరిని నియమించారు. వీధికి తెలిసిన ఉద్యోగి అన్న బ్రిటన్ ఆలోచనకు ఇంతకంటే దగ్గరి పోలిక మరొకటి లేదు. అయితే వీరి అధికారం ఎంత, ఎవరి కింద పనిచేయాలి అన్న స్పష్టత మొదట్లోనే లోపించింది. మహిళా సంరక్షణ కార్యదర్శులను 2021లో మహిళా పోలీసులుగా పేర్కొనడంపై వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. మరోవైపు, చెత్త వేసినవారికి అక్కడికక్కడే జరిమానా విధించే వీలును 2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనలే కల్పించాయి. అధికారం కాగితంపై ఉంది, మనిషి వార్డులో ఉన్నాడు. ఈ రెండింటినీ కలిపే తీరే ఇంకా కుదురుకోలేదు.

బ్రిటన్ అనుభవం నేర్పే పాఠాలు మూడు. వీధిలో నిలబడే ఉద్యోగికి ఏ అధికారం ఉందో, ఏది లేదో ఉద్యోగికీ, ప్రజలకూ ముందే తెలియాలి. వసూలైన ప్రతి రూపాయీ అదే వార్డు శుభ్రతకు వెళ్లాలి, ఎవరికీ వాటా ఉండరాదు. అన్నిటికీ మించి, పింఛన్లు, సర్వేలు, ధ్రువపత్రాల పనులతో ఆ ఉద్యోగిని కార్యాలయంలో కట్టిపడేయకుండా రోజుకు కొన్ని గంటలైనా వీధిలో నడవనివ్వాలి. జరిమానా అంకెను ఒక ఉత్తర్వుతో రాత్రికి రాత్రే పెంచవచ్చు. వీధి నమ్మే మనిషిని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. పోగొట్టుకోవడానికి మాత్రం ఒక్క బడ్జెట్ చాలు.