ఎదురుగాలిని లెక్కపెట్టని గడియారం



రిజర్వేషన్ మాట రాగానే మన ముందు ఒక పందెం బొమ్మ పెడతారు. గీత ఒకటే, దూరం ఒకటే, గడియారం ఒకటే, ముందొచ్చినవాడిదే సీటు అంటారు. సరే, ఈ వారం ఆ బొమ్మనే పట్టుకుందాం. గడియారాన్నే నమ్ముకున్న ఆట ఒకటుంది: సైకిల్ టైమ్ ట్రయల్. సైక్లింగ్ లోకంలో దానికి సత్యం తేల్చే పందెం అని పేరు.

ఇందులో అందరూ ఒక్కసారి బయలుదేరరు. నిమిషానికొకరు చొప్పున ఒంటరిగా పోవాలి. ముఖ్యమైన నియమం, ముందున్న సైకిల్ వెనకాల చేరి గాలి తప్పించుకోకూడదు. గంటకి ముప్పై కిలోమీటర్లు దాటాక మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. అదే ఇంకొకరి వెనక చక్రానికి దగ్గరగా పోతే శ్రమలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. అందుకే ఆ నియమం.

మొన్న ఏప్రిల్ చివర్లో నేనూ ఒక 20 కిలోమీటర్ల పందెంలో తొక్కాను. ముందు ఫీజు కట్టినవాళ్లకి ముందు నంబర్లు. కాంట్రాక్టు జీతం పడ్డాక కట్టినవాడిని కాబట్టి నాది 121. ఒకటో నంబరు ఆరింటికి, చల్లగాలిలో బయలుదేరాడు. నేను ఎనిమిదింటికి. అప్పటికే తారు సెగలు కక్కుతోంది. పోయేటప్పుడు ఎదురుగాలి. తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి తోసింది గానీ, ఒంటికి గాలి తగలక చెమట ఆరలేదు, అసలు ఎండ అప్పుడు తెలిసింది. కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కి చేరేది పావు వంతే. మిగతాదంతా ఒంట్లో వేడే. ఆ వేడిని బయటికి పంపే చెమట ఆరకపోతే కాళ్లు మొండికేస్తాయి. ఫలితాల పట్టీలో ఇవేవీ లేవు. నిమిషాలూ సెకన్లే ఉన్నాయి.

గడియారం అబద్ధం చెప్పలేదు. కానీ ఎవరు ఏ ఎండలో తొక్కారో దాన్ని ఎవరూ అడగలేదు.

ఏం సైకిల్ మీద తొక్కారో కూడా అడగాలి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. 50 సెకన్లు వెనకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్ మూడు వారాల రేసుని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. గాలికి ఒళ్లు తగ్గించే ఏరో బార్లు అతని సైకిల్‌కి ఉన్నాయి, లారెంట్ ఫిన్యోన్‌కి లేవు. దమ్ము ఇద్దరిలోనూ ఉంది.

ఈ సంగతి సైక్లిస్టులకి బాగా తెలుసు. అందుకే వయసుకో పట్టీ, ఆడవాళ్లకో పట్టీ, గేర్ల రోడ్ బైకుకొకటి, మామూలు సైకిల్‌కొకటి పెడతారు. ఆ కేటగిరీలు చూసి మెరిట్ చచ్చిపోయిందని ఎవరూ ఏడవలేదు. 2006లో రిజర్వేషన్లకి వ్యతిరేకంగా చీపుర్లు పట్టుకుని రోడ్లూడ్చినట్టు ఇక్కడెవరూ ఊడ్వలేదు. కేటగిరీ అంటే కొలత సరిగ్గా తీసే పద్ధతని ఆటలో ఒప్పుకున్నవాళ్లకి, కాలేజీ అడ్మిషన్ దగ్గర అదే అన్యాయంగా ఎట్లా కనిపిస్తుంది?

అసలు మాట ఇంకా ఉంది. చదువు పందెంలో టైమ్ ట్రయల్ తొక్కేది మన పిల్లలే. అవతలివాళ్లు గుంపులో వస్తారు. ముందు తాత భూమి, ఆ వెనక నాన్న ఉద్యోగం, పక్కన మామయ్య సిఫారసు, ఇంట్లో ఇంగ్లిషు. తరాల వెనక నక్కి, గాలి తగలకుండా వస్తారు. మా తాత దొర గడి ముందు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాల్సి వచ్చేది. ఆ దిగిన సమయం ఏ గడియారంలో పడింది? ఆ ఇంటి నుంచి మొదటిసారి కాలేజీకొచ్చిన పిల్ల 60 మార్కులు ఎదురుగాలిలో తెచ్చుకుంది. పక్కవాడి 75తో పోల్చి ఆ పిల్ల తక్కువదనడం కొలత కాదు, మోసం.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, మెరిట్ చర్చలో తల దించుకోకండి. గాలి లెక్క అడగండి. ముందు ఎవరున్నారో అడగండి.

మనవాళ్లలో గెలిచి వచ్చినవాళ్లకి కూడా ఒక మాట. ట్రాక్ మీద టీమ్ పర్స్యూట్ అని ఇంకో పందెం ఉంది. నలుగురూ కలిసి తొక్కుతారు. వంతులవారీగా ఒకరు ముందుకొచ్చి గాలిని కాస్తారు, అలిసి వెనక్కి చేరుతారు. అక్కడ మొదటివాడు గీత దాటితే గడియారం ఆగదు. మూడోవాడు దాటినప్పుడే జట్టు సమయం రాస్తారు. హాస్టల్లో జూనియర్‌కి ఫారం నింపిపెట్టడం, ఇంటర్వ్యూకి తర్ఫీదివ్వడం, పీహెచ్‌డీ సినాప్సిస్ కూర్చుని దిద్దడం, ఇవన్నీ గాలికి ముందు నిలబడటమే. మనలో ఒకడు ప్రొఫెసర్ అయ్యాడని పండగ చేసుకుందాం, తప్పులేదు. కానీ వాడలో మూడో ఇంటి పిల్ల గీత దాటేదాకా మన గడియారం ఆగదు.

జై భీమ్.