మీటరు చూసి సోలార్

సోలార్ అమ్మడానికి వచ్చిన ఏజెంటు ముందుగా డాబా ఎక్కుతాడు. అతడు ముందుగా అడగాల్సింది పన్నెండు నెలల కరెంటు బిల్లులు. కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు చాలు గనుక మామూలు డాబా మీద కూడా అయిదు కిలోవాట్లు పడతాయి. పట్టినంత మాత్రాన పెట్టించుకోవాలా?

మన ఎండకు ఒక కిలోవాట్ నెలకు సగటున 120 యూనిట్లిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 300 యూనిట్లు వాడే ఇంటినే చూద్దాం. అక్కడి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 225 దాటి 400 దాకా ఉన్నవి రూ.8.75 చొప్పున పడతాయి. స్థిర ఛార్జీలు, సర్దుబాట్లు పక్కన పెడితే బిల్లు సుమారు రూ.1,673. గ్రిడ్‌కు పంపిన కరెంటును వాడకంలోంచి మినహాయించే నెట్ మీటరుతో రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు తగ్గి, మిగిలిన 60 యూనిట్లకు రూ.147 కడితే సరిపోతుంది. ఖరీదైన పై శ్లాబులే ముందు తెగిపోతాయి కాబట్టి మూడో కిలోవాట్ వాడకంలో మిగిల్చేది ఆ రూ.147 మాత్రమే. మిగులు కరెంటుకు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చే ధర ఆ పై శ్లాబు రేటు కంటే చాలా తక్కువ. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ వస్తుందన్నది నిజమే, కానీ రెండింటికే రూ.60 వేలు వస్తుంది. ఆ రూ.18 వేల కోసం అంతకు మించిన సొంత డబ్బు పెట్టడం ఏం లెక్క? తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికైతే ఈ బేరమే అక్కర్లేదు.

ఇక బ్యాటరీ. బిల్లు తగ్గుతుందని చెప్పి దీన్ని అంటగట్టడం మోసమే. పగటి మిగులును రాత్రికి సర్దే పని నెట్ మీటరే చేస్తోంది. బ్యాటరీలో పోసి తీస్తే కొంత కరెంటు వృథా అవుతుంది కూడా. అయితే కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టరూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బంది ప్రాణాల కోసం పెట్టిన ఏర్పాటది. కోతల బెడద ఉన్నచోట బ్యాటరీ కావాల్సిందే. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నాలుగు గంటలు నడవడానికి ఒక యూనిట్ కూడా పట్టదు. ఏసీకి సరిపడా బ్యాటరీ ఎందుకు?

దరఖాస్తుదారుడి ఏడాది వాడకాన్ని బట్టి తగిన సామర్థ్యాన్ని డిస్కంలు అనుమతి పత్రంలోనే రాసివ్వాలి. అంతకు మించి అమ్మే సంస్థ, అదనపు కిలోవాట్‌తో ఎంత ఆదా అవుతుందో కాగితం మీద చూపించాలి. విద్యుత్ నియంత్రణ మండళ్లు దీన్ని నిబంధనగా మార్చాలి. అప్పటిదాకా, ఆ లెక్క చేతికి రాకుండా బయానా ఇవ్వకండి.