గాయం మానాకే అసలు పరీక్ష

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో కాలిన గాయాలకు చికిత్స పొందిన పిల్లాడు ఇంటికొస్తే గండం గడిచిందనుకుంటాం. కానీ మచ్చ బిగుసుకోకుండా రోజుకు సుమారు 23 గంటలు, ఏడాది నుంచి రెండేళ్లదాకా ప్రెషర్ గార్మెంట్ వేసుకోవాలి. ఎదిగేకొద్దీ కొత్తవి కొనాలి. మచ్చ ఒంటితోపాటు సాగదు కాబట్టి మళ్లీ ఆపరేషన్లు తప్పకపోవచ్చు. వీటన్నిటికంటే కష్టం, తోటివారి చూపులు.

అమెరికాలో ఇలాంటి పిల్లలకు వేసవి శిబిరాలు నడుపుతారు. ఖర్చు దాతలది, అగ్నిమాపక సిబ్బంది సైతం వాలంటీర్లుగా వస్తారు. అందరికీ మచ్చలున్నచోట ఈతకు దిగడానికి జంకు తగ్గుతుంది.

మనం ఆపరేషన్‌కైతే వెంటనే చందా ఇస్తాం. ఆ తర్వాతి గార్మెంట్లకు, ఫిజియోథెరపీకి, రానుపోను ఛార్జీలకూ ఇవ్వాలి. ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో అడిగి చూడండి. మీ పిల్లలకూ చెప్పండి: మచ్చ గురించి ఆరా తీయకుండా, ముందు ఆటకు పిలవమని.