ప్రోలిన్ పెరిగితే బెట్టను తట్టుకున్నట్లేనా?

నీటి ఎద్దడిపై వెలువడే పరిశోధనా వ్యాసాలలో ప్రోలిన్ పట్టిక లేనిది అరుదు. ఏ రకం ఆకులో ప్రోలిన్ ఎక్కువగా పోగుపడితే అది బెట్టను తట్టుకొనే రకమని తీర్మానించడం పరిపాటి అయింది. ఈ తీర్మానంతో నాకు పేచీ ఉంది.

ఆకులో నీరు మూడింట ఒక వంతు తగ్గితే, కొత్తగా ఒక్క అణువు తయారు కాకున్నా కణరసం గాఢత ఒకటిన్నర రెట్లవుతుంది. ఇది ఎండిపోవడమే గాని సర్దుబాటు కాదు. మొక్క తానుగా ద్రావితాలను కూడబెట్టుకొని స్ఫీతస్థితిని నిలుపుకొన్నప్పుడే దానిని ద్రవాభిసరణ సర్దుబాటు అనాలి. అందులోనూ ప్రోలిన్ వాటా ఎంత? లీటరు నీటిలో 40 మిల్లీమోల్‌ల ప్రోలిన్, 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, ద్రావిత శక్మాన్ని తగ్గించేది సుమారు 0.1 మెగాపాస్కల్ మాత్రమే. అధిక భారాన్ని సాధారణంగా పొటాషియం, చక్కెరలు, కర్బనామ్లాలు మోస్తాయి. రిక్తికలోని లవణాలకు సరితూగేలా కణద్రవ్యాన్ని కాపాడటంలో ప్రోలిన్‌కు పాత్ర ఉన్నమాట నిజమే. అది వేరే విషయం.

బార్లీలో ప్రోలిన్‌ను బెట్ట నిరోధకతకు కొలమానంగా 1972లో ప్రతిపాదించారు. 1977లోనే హాన్సన్, ఆయన సహచరులు అదే పంటలో రెండు రకాలను పోల్చి, ఈ కొలమానాన్ని ప్రశ్నించారు. ముందుగా వాడిన మొక్కలోనే ప్రోలిన్ ముందుగా పెరగవచ్చు. అప్పుడు అది బాధకు గుర్తు, బలానికి కాదు. అయినా ఆ అలవాటు పోలేదు. 1973 నాటి నిన్‌హైడ్రిన్ పద్ధతి చౌక, సులభం. ఎర్రని రంగు కూడా చూడముచ్చటగా వస్తుంది మరి.

కుండీలో నాలుగైదు రోజులలో ఎండగట్టిన వేరుశనగకు, అనంతపురం ఎర్ర నేలల్లో వారాల తరబడి మెల్లగా వాడే వేరుశనగకు పోలిక తక్కువ. సర్దుబాటుకు వ్యవధి కావాలి. పైగా వేరుకు అందేంత లోతులో తేమ మిగిలి ఉంటేనే ఆ సర్దుబాటు కాయగా మారుతుంది. నేల లోతు తక్కువైనచోట ఆకు ఎంత నేర్పు చూపినా తోడుకోవడానికి నీరే ఉండదు. కేవలం ప్రోలిన్ అంకె చూసి ఎంపిక చేసిన వంగడాన్ని విత్తి నష్టపోయేది రైతే. అదే అంకె తక్కువని పక్కన పెట్టిన మంచి వంగడం లెక్కలోకే రాదు.

కనుక ప్రోలిన్ విలువను పొడి బరువు ఆధారంగా, అదే ఆకు సాపేక్ష నీటి శాతంతో కలిపి ఇవ్వాలి. ఆకును తిరిగి పూర్తిగా నీరు పట్టించి ద్రావిత శక్మాన్ని కొలవాలి. పొలంలో కాయ దిగుబడి పక్కనే చూపాలి. ఈ మూడూ లేని వ్యాసాన్ని సంపాదకవర్గాలు వెనక్కి పంపడం మొదలుపెట్టాలి.