కత్తెర కంటే ముందు దువ్వెన

‘ఇంత చదివి చివరికి కుక్కలకు క్షవరమా?’ పెట్ గ్రూమింగ్ నేర్చుకుంటానంటే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట ఇదే. ఇందులో ఉన్నది కుక్క మీద చులకన కాదు. కత్తెర పట్టిన చేతి మీద మన సమాజం తరతరాలుగా మోస్తున్న చిన్నచూపు. ఆ పని నిజంగా అంత చిన్నదేనా? పూడుల్ షో ట్రిమ్‌నే తీసుకుని చూద్దాం.

చూడగానే నవ్వొచ్చే వేషమే అది. ఛాతీ చుట్టూ సింహం జూలు, వెనక భాగం నున్నగా గొరిగి, కాళ్లకు కడియాల్లా బొచ్చు, తోక చివర ఓ బంతి. దీన్ని కాంటినెంటల్ కట్ అంటారు. కానీ ఇది ఫ్యాషన్‌గా పుట్టలేదు. పూడుల్ నీళ్లలో పడిన వేటపక్షుల్ని ఈదుకుంటూ వెళ్లి తెచ్చే కుక్క. ఈతకు అడ్డమొచ్చే బొచ్చు తీసేసి, చలి తగలకుండా ఛాతీ, కీళ్ల దగ్గర ఉంచేవారని చెబుతారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో, ఏడాది నిండిన పూడుల్ మామూలు పోటీ తరగతుల్లో దిగాలంటే కాంటినెంటల్ గానీ, ఇంగ్లిష్ శాడిల్ గానీ ఉండాల్సిందే.

అందరి కళ్లూ కత్తెర మీదే ఉంటాయి. అసలు పని మాత్రం అంతకుముందే అయిపోతుంది. పూడుల్ బొచ్చు మిగతా కుక్కల్లా కింద రాలదు. ఊడిన వెంట్రుక ఉంగరాల్లోనే చిక్కుకుని ఉండకడుతుంది. కుక్కపిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వచ్చే నెలల్లో అయితే మరీనూ. అందుకే పాయలు పాయలుగా విడదీసి, చర్మం దాకా దువ్వాలి. పైపైన దువ్వితే అద్దంలో బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం చాప అల్లినట్టు ఉంటుంది. స్నానం తర్వాత డ్రయర్ గాలి కొడుతూ, దువ్వుతూ, వెంట్రుక నిటారుగా నిలిచేదాకా ఆరబెట్టాలి. గాలికి వదిలేస్తే మళ్లీ ఉంగరాలు తిరుగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కత్తెర పట్టినా గుండ్రం రాదు, మెట్లు మెట్లుగా తెగుతుంది. ముఖం, పాదాలు గొరిగేటప్పుడు క్లిప్పర్ బ్లేడు వేడెక్కిందేమో మధ్యమధ్యలో తాకి చూసుకోవాలి. చర్మం కాలినా కుక్క నోరు తెరిచి చెప్పలేదు కదా!

2024లో న్యూయార్క్‌లో జరిగిన వెస్ట్‌మిన్‌స్టర్ షోలో సేజ్ అనే మినియేచర్ పూడుల్ బెస్ట్ ఇన్ షో అయింది. దాన్ని రింగులో నడిపించిన కాజ్ హొసాకా ఇదే బహుమతి 2002లో మరో మినియేచర్ పూడుల్‌తో గెలిచారు. మధ్యలో 22 ఏళ్లు. కొద్ది రోజుల్లో ‘ప్రొఫెషనల్ గ్రూమర్’ని చేస్తామనే ప్రకటనల పక్కన ఈ అంకెను పెట్టి చూడండి.

మన దగ్గర సెలూన్లో చేరితే మొదటి రోజే షో ట్రిమ్ చేతికివ్వరు. స్నానాలు, గోళ్లు, చెవులు, ఉండకట్టిన బొచ్చు... రోజంతా ఇదే. నడుము, మణికట్టు నొప్పి పెడతాయి. కాట్లు కూడా పడతాయి కాబట్టి, ముందుగానే వేయించుకునే రేబిస్ టీకా గురించి డాక్టర్ని అడగండి. అయితే చర్మం దాకా దువ్వడం, పూర్తిగా ఆరబెట్టడం, భయపడిన జంతువును కదలకుండా నిలబెట్టడం చేతికొచ్చేది ఇక్కడే. వీటిలో ఆరితేరినవాళ్లు కావాలనే యజమానులు మీ సర్టిఫికెట్ మీద ఉన్న ముద్ర కంటే, మీరు బల్ల మీద కుక్కను పట్టుకునే తీరే చూస్తారు.

కాబట్టి కోర్సుకు డబ్బు కట్టేముందు మొహమాటపడకండి. నా చేత్తో ఎన్ని కుక్కలకు చేయిస్తారు? బొమ్మ మీదా, బతికున్న కుక్క మీదా? పక్కన నిలబడి తప్పు దిద్దేది ఎవరు? వీలైతే ఒక పూట అక్కడే కూర్చుని చూస్తానని అడగండి. వద్దంటే ఇంకో చోటికి వెళ్లండి.